అప్పు గారికి నమస్కారం

ఓబులేసు అప్పు అనే పెద్దమనిషి అనంతపురంలో ఎవరూ లేరు. ఉన్నారని నా ఫోన్‌లోని ఏఐ గట్టిగా నమ్ముతోంది. నమ్మి ఊరుకుందా? "నమస్కారం అప్పు గారూ! మనం మాట్లాడుకుని చాలా కాలమైంది. ఈరోజెందుకో మీరు గుర్తొచ్చారు" అని నా తరఫున సందేశం పంపింది. నా దగ్గర చేబదులు తీసుకున్న ఓబులేసు ఎవరో తెలియడానికి నేను రాసుకున్న పేరది. పాపం, మెల్లగా తీరుద్దామనుకుంటున్న మనిషి. ఆ నమస్కారం అందినప్పట్నుంచి ఆయన ఫోన్ స్విచాఫ్.

ఇదంతా బెంగళూరులో సాఫ్ట్‌వేరు చేసే మా మేనల్లుడి పుణ్యం. "మామా, నీ కాంటాక్టులన్నీ ఏఐకి కలిపినా. ఇంగ ఎవర్నీ మర్చిపోయే పనే ల్యా" అని బస్సెక్కి పోయాడు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ కంపెనీ ఎంసీపీ అనే పద్ధతిని బయటికి తెచ్చింది. ఏఐ మన ఫైళ్లలోకి, క్యాలెండరులోకి, కాంటాక్టుల్లోకి పోయి చదవడానికి, మనం సరేనంటే రాయడానికి, దిద్దడానికి అదొక దారి. మావాడు ఆ దారిలో ఉన్న గేట్లన్నీ బార్లా తీసిపెట్టాడు. నేనెవరితో ఎన్నాళ్లుగా మాట్లాడలేదో లెక్కగట్టి నాకు తలవంపులు తేవడమే ఇప్పుడు దాని ఉద్యోగం.

మొన్న "డూప్లికేట్ కాంటాక్టులు దొరికాయి, అన్నీ ఒకటి చేసేయనా?" అంది. చూస్తే, అందరూ ఓబులేసులే. ఉరవకొండ దగ్గర పెన్నహోబిలం స్వామికి మొక్కుకున్న ఇంట్లో ఓబులేసో పెన్నోబులేసో పుడతాడు. గుంతకల్లు దగ్గర కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంటే నెట్టికంటయ్య. కదిరి స్వామి వంతుకు నరసింహులు, కదిరప్ప. మా ఉమ్మడి జిల్లా మగవాళ్లను ఈ దేవుళ్లే పంచుకున్నారు. నా ఓబులేసుల్లో ఒకాయన లైన్‌మన్, ఇంకొకాయన చెనక్కాయల మండీలో గుమాస్తా. కలిపేస్తే కరెంటు పోయిన రాత్రి నేను చెనక్కాయల ధర అడగాల్సి వస్తుంది.

కుళ్లాయప్పతో ఇంకో తంటా. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి హిందువులూ ముస్లిములూ కలిసే వస్తారు, ఆ పేరు ఇరువైపులా పెట్టుకుంటారు. "ఈయనకు దీపావళి శుభాకాంక్షలా, రంజాన్ శుభాకాంక్షలా?" అని అడిగింది. రెండూ పంపమన్నాను. "దయచేసి ఒకటి ఎంచుకోండి" అంది.

ఇక బోరు సంగతి. అనంతపురం మనిషి ఫోన్‌లో బంధువుల కంటే బోరు మనుషులే ఎక్కువ. ఉమ్మడి జిల్లాకు ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. నైరుతి పడమటి కనుమల అవతలే కురిసేసి ఖాళీ మబ్బుల్ని మాకు తోలుతుంది. ఈశాన్యం కోస్తాలో సంబరపడి, ఇక్కడికొచ్చేసరికి చేతులు దులుపుకుంటుంది. కాబట్టి మాకు నీళ్లు కిందనుంచే రావాలి. అందుకు ముందు పాయింటు పెట్టేవాళ్లు కావాలి. అందులో టెంకాయ ఆయన వేరు, వేపపుల్ల ఆయన వేరు, మిషన్ తెచ్చే జియాలజిస్టు సారు వేరు. టెంకాయ ఆయన అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్లున్నచోట అది నిక్కి నిలబడాలి. నిలబడ్డచోట రాయి పెట్టి, పుల్లాయన్ని పిలిచి, ఆయన కూడా సరేనన్నాక జియాలజిస్టును పిలుస్తాం. ఆయన చేనికి ఆ కొసన చూపిస్తాడు. తర్వాత పెళ్లాం ఎటు చూపిస్తే అటు. రిగ్గు లారీలు తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వస్తాయి కాబట్టి ఏజెంటు నంబరొకటి, ఏజెంటుకు తెలియకుండా రాసుకున్న డ్రైవరు నంబరొకటి. కేసింగ్ పైపుల కొట్టు. దుమ్ము తప్ప ఏమీ రానప్పుడు "ఇంకో వంద అడుగులు పోనీ బావా" అని ఎగదోసే బావమరిది. దేవుడు దయతలచి రెండించుల నీళ్లు పడితే మోటరు మెకానిక్కు, అది కాలితే వైండింగు షాపు, అవి ఎండిపోతే మళ్లీ టెంకాయ ఆయన. వీళ్లంతా నా ఫోన్‌లో "బోరు", "బోరు కొత్త", "బోరు ఫెయిల్", "బోరు ఎత్తొద్దు" అని ఉన్నారు.

ఏఐ వీళ్లలో రిగ్గు ఏజెంటును ఎంచుకుని, "ఎలా ఉన్నారు? త్వరలో కలుద్దాం" అని రాసింది. కరువు సీమలో బోరు ఏజెంటును ఊరికే కుశలం అడిగే మనిషి ఉండడు. నిమిషంలో ఫోన్ వచ్చింది. "సార్, బండి కూడేరు దగ్గరే ఉంది. పాయింటు మీదికి తోలమంటారా?"

నవ్వకుండా ఒక మాట. కాంటాక్టులను ఏఐకి కలిపేటప్పుడు అనుమతి అడిగింది నన్ను, నంబర్లేమో ఊరోళ్లవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మనం సొంతానికి, ఇంటి అవసరాలకు వాడుకునే వివరాల జోలికి రాదు. ఓబులేసుకు అప్పుందన్న సంగతి ఆయనకూ నాకూ మధ్య ఉండాల్సింది. ఇప్పుడది ఏ సర్వరుకు తెలుసో నాకు తెలియదు, ఓబులేసుకైతే అసలు తెలియదు.

పోయిన వారం ఏఐ "మా ఊరు" అని దానంతటదే ఒక గుంపు కట్టి, "వీరంతా మీకు దగ్గర్లోనే ఉన్నారు, పలకరించండి" అంది. సరే చూద్దామని వరసగా ఫోన్లు చేశాను. స్విచాఫ్ సంగతి చెప్పే ఆడగొంతు ఒకదాని తర్వాత ఒకటి కన్నడంలోనే మాట్లాడింది. ఆ గొంతు కన్నడం మాట్లాడితే మనిషి ఊళ్లో లేడని మాకు లెక్క. చెనక్కాయ పంట పోయిన ఏడు ఒకరు, బోరు పోయిన ఏడు ఒకరు. బెంగళూరులో ఒకరు కట్టే బిల్డింగు దగ్గర, ఒకరు కట్టిన బిల్డింగు గేటు దగ్గర. మా ఇంటికి పాలు పోసిన అక్క అక్కడెక్కడో అపార్టుమెంట్లలో అంట్లు తోముతోందని విన్నాను. కొన్ని నంబర్లు అసలు మోగనే లేదు. "పనిచేయని నంబర్లు తొలగించనా?" అని ఏఐ అడిగింది. ఊళ్లో ఆ ఇళ్లకు తాళాలున్నాయి, మనుషులు ఉగాదికి వస్తారు. వద్దన్నాను.

మేనల్లుడికి ఫోన్ చేసి గేట్లన్నీ మూయించాను. ఈ మధ్య నా పేరుతో మీకెవరికైనా తియ్యటి పలకరింపు వచ్చి ఉంటే పట్టించుకోకండి. పనుంటే ఫోన్ చేయండి, లేకపోయినా చేయండి. నేనెత్తి "ఎవరప్పా?" అంటే కోపం తెచ్చుకోకుండా ముందు మీ ఊరు చెప్పండి, తర్వాత ఏ పని మీద పరిచయమో చెప్పండి. పేరు ఆఖర్న చెప్పినా చాలు.