రీబేస్ సూత్రానికి కానూరు వ్యాఖ్య

అవతారిక: విజయవాడ పక్క కానూరులో, హాస్టల్ గదిలో కూర్చున్న ఇంజినీరింగు విద్యార్థి ఒకడు తెర మీద తెలుగు ఒత్తులు చెల్లాచెదురు కావడం చూడలేక, ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ప్యాచ్ పంపెను. ఉగాదికి పంపినదానికి దసరాకు జవాబు వచ్చెను. ఆ జవాబే మూలము.

మూలము: “లుక్స్ గుడ్. ఫ్యూ నిట్స్. ప్లీజ్ రీబేస్.”

ప్రతిపదార్థము: లుక్స్ గుడ్ = చూపునకు బాగున్నది (చదివితిమని చెప్పలేదు, గమనింపుము); ఫ్యూ = పదిహేడు; నిట్స్ = ట్యాబు ఉండవలసిన చోట స్పేసు వంటి, ప్రాణహాని లేని దోషములు; ప్లీజ్ = తప్పనిసరిగా; రీబేస్ = నీవు ఎదురుచూచిన ఆర్నెల్లలో మేము మార్చిన కోడ్ అంతటి మీద నీ పనిని మళ్ళీ పేర్చుట.

తాత్పర్యము: నాయనా, ఆలస్యం మాది, శ్రమ నీది.

విశేషములు: “లుక్స్ గుడ్” అన్నవాడికి, ప్యాచ్‌ను ప్రాజెక్టులో కలిపే మెర్జ్ నొక్కే అధికారం ఉందో లేదో మూలం చెప్పదు. బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని విని నాగాయలంక శివారు రైతు నారుమడి దున్నుకున్నట్టు, కుర్రాడు ఆ పూటే స్నేహితులకు టీ ఇప్పించాడు.

నిట్స్ విషయంలో శాఖాభేదాలున్నాయి. లినక్స్ కెర్నెల్‌లో వరుసకు 80 అక్షరాలన్నది పాత మతం. 2020లో తనిఖీ స్క్రిప్టు హద్దును 100కు జరిపారు. అయినా 80 దాటితే కళ్ళెర్రజేసే మెయింటెయినర్లు (ప్రాజెక్టును కాచేవారు) ఇప్పటికీ ఉన్నారు. వారిది స్మార్త సంప్రదాయమనుకుని సర్దుకుపోవాలి.

పూర్వపక్షం: మూడు లైన్లకు ఇంత చాదస్తమా, చేర్చేస్తే పోలా?

సమాధానం: పోతుంది. 2020 అక్టోబరులో, ప్యాచ్‌లు పంపినవారికి చొక్కా ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఆ చొక్కా కోసం రీడ్‌మీ ఫైళ్ళలో ఒక్కో విశేషణం తగిలించి పంపినవాళ్ళ తాకిడికి మెయింటెయినర్లు గగ్గోలు పెట్టారు. ఇష్టపడిన ప్రాజెక్టులకే లెక్క అని నెల మొదట్లోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. అందులో మనవాళ్ళ చేయి లేదని ఏ వ్యాఖ్యాతా ప్రమాణం చేయలేడు.

ఇంతకన్నా భయపెట్టేది ఎక్స్‌జెడ్ ఉదంతం. ఫైళ్ళను కుదించే ఆ లైబ్రరీని ఒక్కడే, జీతం లేకుండా చూసుకునేవాడు. 2022లో ఊరూ పేరూ తెలియని ఖాతాలు కొన్ని, ప్యాచ్‌లు కదలడం లేదు, ఇంకొకరికి అప్పగించు అని ఆయన్ను సతాయించాయి. మానసికంగా నలిగిపోయి ఉన్నానని ఆయన చెప్పుకున్నాడు. ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చిన ‘జియా టాన్’ చేతికి తాళాలు వెళ్ళాయి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్వితే, ఆ చేయి లైబ్రరీలో పెట్టిన దొంగదారి బయటపడింది.

కాబట్టి నిట్ మీద మాకు కోపం లేదు. మౌనం మీదే. వైశాఖంలోనే “కుదరదు” అని ఉంటే కుర్రాడు ఆ ఒత్తుల సంగతి మరో ప్రాజెక్టులో చూసుకునేవాడు. తిట్టిన మెయింటెయినరును తలుచుకుని నవ్వుకునే శిష్యులను చూశాం గాని, పలకనివాణ్ణి క్షమించినవాళ్ళను చూడలేదు.

ఉత్తర సూత్రము: కుర్రాడు ఆ రాత్రే రీబేస్ చేసి, పదిహేడూ దిద్ది పంపాడు. ఈలోగా ప్రాజెక్టు వారు కాపలాకు ఒక బాట్‌ను పెట్టారు. 60 రోజులు కదలిక లేకపోతే దాని కంటికి ఏ ప్యాచైనా పాచిపోయినదే. మరో 7 రోజులకు మూత. సంక్రాంతికి ముందే “నో యాక్టివిటీ. క్లోజింగ్.” అని వచ్చింది. ఇది యంత్రోక్తం గనుక టీక రాసే సంప్రదాయం లేదు.