భద్రతకు ఆశీలు 15 శాతం

చైనా చేతిలో మేటి ఏఐ చిప్పు పడితే కొంప కొల్లేరేనని 2022లో వాషింగ్టన్‌ హడలిపోయింది. ఎన్‌విడియా వారి ఏ100, హెచ్‌100లకు గేటు మూసింది. కంపెనీ ఊరుకుంటుందా? వేగం కాస్త కత్తిరించి ఏ800, హెచ్‌800 అని పేరు మార్చి పంపింది. ఏడాది తిరిగేసరికి వాటికీ తాళం. ఇంకాస్త కత్తిరించి హెచ్‌20 తెచ్చారు. నిబంధన రాసేవాళ్లకంటే దాని అంచు కొలిచేవాళ్లే గట్టి ఇంజినీర్లు!

2025 ఏప్రిల్‌లో హెచ్‌20కీ లైసెన్సు తప్పదన్నారు. జులైలో సరే అమ్ముకోమన్నారు. ఎందుకు మనసు కరిగిందా అనుకుంటే ఆగస్టులో కిటుకు బయటపడింది: చైనా అమ్మకాల్లో 15 శాతం సర్కారు వాటా. అచ్చం సంతలో గంపకు ఆశీలు కట్టించుకున్నట్టే. ట్రంప్‌ గారు ముందు 20 అడిగారట, బేరమాడితే 15కు దిగారట. ఆయనే చెప్పారు లెండి. దేశ భద్రతకూ తగ్గింపు ధర ఉంటుందని మనకేం తెలుసు?

తీరా గేటు తీస్తే, ‘ఆ చిప్పుల మీద మాకే అనుమానం’ అంటూ బీజింగ్‌ తన కంపెనీలను వెనక్కి లాగింది. అదీ తక్కువేం తినలేదు. చిప్పుల తయారీకి కావాల్సిన గాలియం, జెర్మేనియం ఎగుమతికి 2023లోనే అనుమతుల మెలిక పెట్టింది.

2025 డిసెంబరులో హెచ్‌20 కంటే బలమైన హెచ్‌200కూ ట్రంప్‌ పచ్చజెండా ఊపారు. ఈసారి వాటా 25 శాతం. ముప్పు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుందన్నమాట! తాళంలోనే ఉంచిన బ్లాక్‌వెల్‌ చిప్పు ధర కూడా గేటు దగ్గర బోర్డు మీద రాసేస్తే పోలా?