బ్లూ కార్డ్ మాహాత్మ్యం

నైపుణ్యమున్న విదేశీయులకు యూరప్ ఇచ్చే అనుమతి పత్రాల్లో బ్లూ కార్డ్ దొరబిడ్డ. యూరోపియన్ యూనియన్ 2009లో దీనికి చట్టరూపం ఇచ్చింది. అమెరికా గ్రీన్ కార్డుకు పోటీగా పుట్టింది కనుక పచ్చరంగు తీసేసి తమ జెండాలోని నీలం పూశారు. యూనియన్ అంతటికీ ఒకే కార్డు అన్నారు గానీ డెన్మార్క్, ఐర్లాండ్ ఆ ఊసే వద్దన్నాయి. మిగతా దేశాలన్నీ కలిసి ఇచ్చే కార్డుల కంటే జర్మనీ ఒక్కటే ఇచ్చేవి చాలా ఎక్కువ. పుచ్చుకునేవారిలో భారతీయులది మొదటి స్థానం. అందుకే బ్లూ కార్డ్ తత్వం బోధపడాలంటే జర్మన్ కౌంటరు ముందే నిలబడాలి.

జర్మనీకి ఇలాంటి పిలుపులు కొత్త కాదు. 2000 ఫిబ్రవరిలో హానోవర్ కంప్యూటర్ ప్రదర్శనలో ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ విదేశీ కంప్యూటర్ నిపుణులకు గ్రీన్ కార్డులు ప్రకటించారు. 20 వేల మంది దాకా రావచ్చన్నారు. అమెరికా నుంచి పేరు తెచ్చుకున్నారు గానీ శాశ్వత నివాసాన్ని తెచ్చుకోలేదు, గడువు ఐదేళ్లే. ఆ ఏడే నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్ర ఎన్నికల్లో ప్రతిపక్ష నేత యుర్గెన్ రుట్గర్స్, కంప్యూటర్ల ముందు కూర్చోవలసింది భారతీయులు కాదు, మన పిల్లలని ప్రచారం చేసి ఓడిపోయారు. అంత కంగారు పడనక్కర్లేకపోయింది. 2004 చివర్లో పథకం ముగిసేనాటికి కూడా ఆ 20 వేలూ నిండలేదు.

ఎవరు నిపుణుడో తేల్చడానికి జర్మన్ చట్టం ముందు జీతం అడుగుతుంది. 2025లో ఆ గీత ఏడాదికి 48,300 యూరోలు. మనుషుల కొరత ఉన్న వృత్తులకూ, కొత్త పట్టభద్రులకూ దయతలచి 43,759 యూరోల 80 సెంట్లకు దించారు. పింఛను చందా గరిష్ఠ పరిమితిలో 45.3 శాతం లెక్క కడితే అంత తేలింది. ఆ 80 సెంట్లు తగ్గితే నైపుణ్యమూ తగ్గినట్టే.

తర్వాతది పట్టా. అనాబిన్ అనే సర్కారీ డేటాబేస్‌లో చదివిన విశ్వవిద్యాలయం పక్కన హెచ్ ప్లస్ గుర్తు ఉండాలి. 2023 నవంబరు నుంచి కంప్యూటర్ పనివారికి పట్టా లేకున్నా గడచిన ఏడేళ్లలో మూడేళ్ల అనుభవం చాలన్నారు. నర్సులకు ఆ భాగ్యం లేదు. ఆస్పత్రులు మనుషులు లేక అల్లాడుతున్నా, తెలంగాణ సర్కారు సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పించి పంపినా, అర్హతకు గుర్తింపు వచ్చేదాకా నర్సు సహాయకురాలే. ఆ గుర్తింపు ఏ రాష్ట్రంలో దిగితే ఆ రాష్ట్రం ఇస్తుంది. రోగాలు దేశమంతటా ఒకటే, రాష్ట్రాలు మాత్రం 16.

అసలు పరీక్ష దిగాక మొదలవుతుంది. ఇల్లు అద్దెకు కావాలంటే జీతం చీటీలూ, అప్పుల చరిత్ర చెప్పే షూఫా కాగితమూ చూపాలి. నిన్న దిగినవాడికి అప్పూ ఉండదు, చరిత్రా ఉండదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం కావాలి. నమోదైతేనే పన్ను నంబరు పోస్టులో వస్తుంది. పోస్టు డబ్బా మీద పేరు రాసి లేకపోతే వచ్చిన దారినే పోతుంది. నంబరు లేనివాడి జీతంలో అన్నిటికంటే ఎక్కువ పన్ను కోయవచ్చు. అలా చిక్కిన జీతం చీటీతో మళ్లీ ఇంటి వేట. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్న సామెతను ఇక్కడ విడివిడి ఫారాలుగా అచ్చు వేయించారు.

విదేశీయుల వ్యవహారాలు చూసే కార్యాలయాలు దేశంలో 500కు పైగా ఉన్నాయి. అనుమతి గడువు తీరేలోపు నిర్ణయం రానివారికి, పాతది ఇంకా చెల్లుతున్నట్టే భావించాలని ఒక కాగితం ఇస్తారు. జర్మన్ చట్టం అలాగే భావిస్తుంది. విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ ఇచ్చే ఉద్యోగి కూడా అలా భావిస్తాడా అన్నది ప్రయాణికుడి జాతకం.

ఇంత దాటినవాడికి ఫలం ఉంది. జర్మన్ భాష బీ1 స్థాయిలో వస్తే 21 నెలలకు, ఏ1 మాత్రమే వస్తే 27 నెలలకు శాశ్వత నివాసం. ఇది నిజంగానే ఉదారమైన నిబంధన; అమెరికా గ్రీన్ కార్డు వరుసలో జుట్టు నెరిసిన తెలుగువారికి నమ్మబుద్ధి కాదు.

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు అనగానే ఢిల్లీలోని జర్మన్ రాయబారి వీడియోలో భారతీయుల్ని రమ్మన్నారు. తమ వలస విధానం జర్మన్ కారులా నమ్మకంగా నడుస్తుందనీ, రాత్రికి రాత్రి నిబంధనల్ని తలకిందులు చేయమనీ చెప్పారు. అక్టోబరు 8న జర్మన్ పార్లమెంటు, బాగా కలిసిపోయినవారికి మూడేళ్లకే పౌరసత్వమిచ్చే దారిని మూసేసి, ఐదేళ్ల దారిని ఉంచింది. రాయబారి మాట తప్పారనడానికి వీల్లేదు. మధ్యలో చాలా రాత్రులు గడిచాయి.

ఇన్ని కార్యాలయాల మధ్య నిపుణులు నలిగిపోతున్నారని ప్రభుత్వానికీ తెలుసు. 2025 సంకీర్ణ ఒప్పందంలో దానికి మందు రాసుకున్నారు: ఇంకో కార్యాలయం. వచ్చేవారికి సులువుగా ఉండాలని దానికి పేరు ఇంగ్లిష్‌లోనే పెట్టారు, వర్క్ అండ్ స్టే ఏజెన్సీ అని.