సెలవులో ఉన్న బాబాయ్

చీరాల బట్టల బజారులో వాయిదాల బాబాయ్ దుకాణం ఎక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ దాన్నెవరూ చదవరు. కుప్పడం చీరలు అమ్ముతాడు. నేతగాడు డబ్బుల కోసం వస్తే "సోమవారం కనపడు" అంటాడు. సోమవారం వస్తే, "ఏ సోమవారమో చెప్పానా?" అంటాడు. కరస్పాండెన్స్ చదరంగాన్ని భగవంతుడు ఇలాంటి మనుషుల కోసమే పుట్టించి ఉంటాడు.

ఈ ఆటలో ఎదురుబొదురుగా కూర్చునే పని లేదు. వెనకటికి ఎత్తుకో కార్డుముక్క. రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపితే 5254 అని నాలుగంకెలు రాసి పోస్టు డబ్బాలో వేసేవాళ్లు. అవతలివాడిది ఏ భాషైనా ఇబ్బంది లేదు. 1951లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఐసీసీఎఫ్ 2004 నుంచి ఇదంతా వెబ్‌సర్వర్ మీద కూడా నడుపుతోంది. బాబాయ్ ఆడే పాత పద్ధతి టోర్నమెంట్లలో పది ఎత్తులకు 50 రోజులు. ఒక్క ఎత్తు మీదే 20 రోజులు దాటి కూర్చుంటే ఆపైన రోజుకు రెండు రోజులు కోసేస్తారు. ఇవి కాక ఏడాదికి 45 రోజుల సెలవు. సెలవు పెడితే గడియారం ఆగిపోతుంది. కారణమేంటని అడిగే నాథుడు లేడు.

బాబాయ్‌కి ఓపెనింగులు రావు, ఎండ్‌గేములు అసలే రావు. నియమావళి మాత్రం కంఠతా. ఐసీసీఎఫ్‌లో కంప్యూటర్ సాయం తీసుకోవచ్చు. కానీ "మన బుర్ర మనకుండగా ఆ పెట్టెనెందుకు అడగాలి?" అంటాడు. అందుకే తరచూ ఓడుతుంటాడు, అందుకే సెలవులు చాలవు.

గెలిచే ఆటలో ఆయన వేగం చూసి తీరాలి. ఒక చేత్తో జాకెట్టు ముక్క కొలుస్తూ రెండో చేతి బొటనవేలితో ఎత్తు వేసేస్తాడు. ఏనుగు పోయిందా, ఒంట్లో నలత మొదలవుతుంది. ఎవరూ అడక్కపోయినా అవతలివాడికి మెసేజీ పెడతాడు: కుటుంబ సమేతంగా తిరుపతి ప్రయాణం. మెసేజీ పంపి, ఫోను గల్లాపెట్టె మీద బోర్లించి, "ఆ వంగపండు రంగు తియ్యరా" అని గుమాస్తాను కేకేస్తాడు. ఈ పదేళ్లలో శ్రీనివాసుడు ఆయన మెసేజీల్లో తప్ప పిన్నికి దర్శనమివ్వలేదు. గల్లాపెట్టెలో బాకీల పుస్తకం కింద ఇంకో పుస్తకం ఉంటుంది. ఏ టోర్నమెంటులో ఎన్నాళ్లు వాడాడో, ఎన్నాళ్లు మిగిలాయో ఎర్ర సిరాతో రాసుకుంటాడు. బాకీల పుస్తకం కూడా ఇంత శుభ్రంగా ఉండదని గుమాస్తా చెవిలో చెప్పాడు.

"ఇదేం ధర్మం బాబాయ్?" అంటే చరిత్ర ఎత్తుకుంటాడు. "1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఏం చేశారు? మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని, చీరాల పేరాల జనాన్ని తీసుకెళ్లి రామనగర్ పాకల్లో పెట్టలా? దాదాపు పదకొండు నెలలు! ఊరికి ఊరే సెలవు పెట్టిన గడ్డరా ఇది. నా నలభై అయిదు రోజులు నీ కంట్లో పడ్డాయా?" ఆ మహానుభావుడి త్యాగానికీ ఈయన పోయిన ఏనుగుకూ చుట్టరికం ఏమిటని నేనడగలేదు.

ఇంకో ముచ్చట కూడా ఆయనే చెప్పాడు, ఇది మాత్రం నిజంగా బాగుంది. 1987లో మొదలైన పదో కరస్పాండెన్స్ ఒలింపియాడ్ ఫైనల్ 1995లో తేలింది. బంగారం సోవియట్ యూనియన్‌కి, కంచు తూర్పు జర్మనీకి. అప్పటికి ఆ రెండు దేశాలూ లేవు. "చూశావా, దేశాలే పోయాయి గానీ ఆట పోలేదు" అని మురిసిపోయాడు.

అల్లుడు ఒకసారి లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైటులో చేర్పించాడు. అక్కడ ఎత్తుకింతని రోజులు పెట్టుకోవచ్చు, సెలవంటూ ఉండదు. సాయంత్రానికల్లా బయటికొచ్చేశాడు. "సెలవు లేని కొలువు మనకెందుకు?" అన్నాడు.

ఆయన అసలు ప్రతిభంతా సంక్రాంతి స్కీములో ఉంది. సెలవు లెక్క క్యాలెండరు సంవత్సరానిది. నవంబరు 17న పెడితే డిసెంబరు 31కి 45 రోజులూ సరి. తెల్లారితే కొత్త ఏడాది, కొత్త 45. ఫిబ్రవరి 14 దాకా ఎవడూ ఏమీ అడగలేడు. ఈ కిటుకు కనిపెట్టినందుకు తనకు బిరుదేదైనా ఇవ్వాలని ఆయన అభిప్రాయం.

మొన్న శీతాకాలం, ఎప్పుడూ లేనిది, పోర్చుగల్ ఆయన మీద బాబాయ్‌కి రెండెత్తుల్లో ఆటకట్టు కుదిరింది. వీధంతా తిరిగి చెప్పుకున్నాడు. నవంబరు 17 పొద్దున ఫోను చూసి కొయ్యబారిపోయాడు. పోర్చుగల్ సెలవులో ఉంది.

"మర్యాద లేదా? ఓడిపోయేవాడు ఒప్పుకుని పోవాలి గానీ దాక్కుంటాడా? తొంభై రోజులంటే మనిషి బతకాలా వద్దా?" అని దుకాణానికొచ్చిన ప్రతివాడికీ మొరపెట్టుకున్నాడు. నేతగాళ్లు ఎంతో శ్రద్ధగా విన్నారు. టోర్నమెంటు డైరెక్టరుకు ఫిర్యాదు రాయిద్దామని నన్ను పిలిపించాడు గానీ, ఏ నియమం కింద రాయాలో ఆయనకే తోచలేదు. అన్నీ కంఠతా వచ్చినవాడాయె.

ఫిబ్రవరి 15న పోర్చుగల్ ఎత్తు వచ్చింది. ఇక ఒక్క ఎత్తు వేస్తే ఆట ముగుస్తుంది. బాబాయ్ బోర్డును కళ్లారా చూసుకుని, మీసం దువ్వి, సెలవు పెట్టేశాడు.

"గెలిచే ఆటలో సెలవేమిటి బాబాయ్!"

"నేను తొంభై రోజులు ఉడికా. వాణ్ణి నలభై అయిదన్నా ఉడకనీ."

లోపలి నుంచి పిన్ని వచ్చింది. "ఎటూ సెలవేగా, ఈసారన్నా తిరుపతి తీసుకెళ్లకూడదూ?"

"ఇప్పుడెట్టా కుదురుద్దే? ఆల్రెడీ తిరుపతిలో ఉన్నానని వాడికి మెసేజీ పెట్టాగా!"