తడికి తలుపు తీయని గాజుపాత్ర

నేను డెసికేటర్‌ని. అడుగున సిలికా జెల్ గుళికలు, వాటిపైన చిల్లుల పింగాణీ పళ్లెం, పైన కుళాయి ఉన్న మూత. మూత అంచుకు గ్రీజు రాస్తారు. తెరవాలంటే పైకి లాగకూడదు, పక్కకు జరపాలి.

పెదవేగిలో నా మొదటి కొలువు పామాయిల్ కాయలు పరీక్షించే ల్యాబ్‌లో. ఓవెన్‌లో ఎండిన గుజ్జు తూకానికి ముందు నాలోనే చల్లారేది. బయట పెడితే చెమ్మ పీల్చి బరువెక్కుతుంది. తరవాత, భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. సహారా ఎడారిలో దొరికిన రాతి ఉల్క ముక్కను నాకు అప్పగించారు.

దాని పుట్టుక సుమారు 456 కోట్ల ఏళ్ల కిందటిది. రాయిలో ఇనుము, నికెల్ కలిసిన రేణువులున్నాయి. తడి తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, పక్క రేణువులను నెట్టి, రాయిని లోపలినుంచే చీలుస్తుంది. వానాకాలంలో కొల్లేటి వైపునుంచి వచ్చే గాలికి ఇంట్లో ఉప్పే నీరుకారుతుంది. ఎడారిలో నిలిచిన రాయిని ఆ గాలికి వదిలేస్తే పొడిరాలిపోదూ? నా నీలిగుళికలు చెమ్మ పీల్చి గులాబీరంగుకు తిరగ్గానే మాస్టారు వాటిని వేడిచేసి మళ్లీ పోస్తారు.

ఒకరోజు మనవరాలు అడిగింది. “తాతయ్యా, మట్టి పట్టింది, కడగనా?”

“నీళ్లు తగలనివ్వకమ్మా. కోసేటప్పుడు కూడా నీటికి బదులు ఆల్కహాలే వాడతారు.”

“పోనీ, అయస్కాంతానికి అంటుకుంటుందేమో చూడనా?”

“వద్దు తల్లీ. సౌరకుటుంబం పుట్టిననాటి అయస్కాంత ముద్ర అందులో ఉండొచ్చు. నీ అయస్కాంతం దాన్ని చెరిపేస్తుంది.”

మైక్రోస్కోప్‌లో చూడ్డానికని పగుళ్లు పట్టిన రాయిని అలాగే కోస్తే విడిపోతుంది. అందుకే ఒక తునకను మాత్రం ఎపాక్సీ జిగురులో ముంచి నాలో పెట్టి, కుళాయికి పంపు తగిలించారు. గాలి పోయేకొద్దీ పగుళ్లలోంచి సన్నని బుడగలు పైకొచ్చాయి. అవి ఆగాక కుళాయి తిప్పితే, లోపలికొచ్చిన గాలి ఒత్తిడికి జిగురు పగుళ్లలోకి దిగింది. గట్టిపడ్డాక కోయించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయించారు. మైక్రోస్కోప్ కింద కాండ్రూల్స్ అనే గుండ్రటి రేణువులు రంగురంగులుగా వెలిగాయట! మిగతా రాయికి జిగురు ముట్టించలేదు. రేపు ఎవరైనా దాని రసాయనాన్ని పరీక్షించాలంటే అది కల్తీ లేకుండా ఉండాలి.

ఆకాశం తెలుగునేలనూ మరవలేదు. 1852 జనవరి 23న నెల్లూరు సీమలో రాతి ఉల్క, 1870లో అదే తేదీన విజయనగరం ప్రాంతంలో ఇనుప ఉల్క పడ్డాయి. ఇక రాజస్థాన్‌లో, 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడ్డ పెళుసు ఉల్క నేలను తాకగానే ముక్కలైంది.

రేపు మన చేలోనూ పడొచ్చు. అప్పుడు కడగకండి, పసుపు పూయకండి, పగలగొట్టి పంచుకోకండి. వట్టి చేత్తో ముట్టకుండా శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టి, జియలాజికల్ సర్వే వారికి కబురుపెట్టండి. వాన రాకముందే ఆ పని జరగాలి. తడిసిన రాయిని నేను ఆరబెట్టగలను గాని, పట్టిన తుప్పును వదిలించలేను.