ఓలా వాక్య పంచకం: టీకా తాత్పర్య సహితం

మూలం:
ఓలా. బ్వేనస్ నోచెస్. ¿కోమొ తె యామస్? ¿క్వాంతొస్ అన్యొస్ తియెనెస్? మూచొ గుస్తొ.

అవతారిక: ఇంగ్లీషు తప్ప మరో భాషతో ఏనాడూ పని పడని శిష్యుడొకడు మాడ్రిడ్ ప్రయాణం కట్టుకుని, స్పానిష్ వాచకం తెరిచాడు. అతణ్ణి ఉద్ధరించదలచి గ్రంథకర్త ఈ పంచకాన్ని ఆరంభిస్తున్నాడు.

ప్రతిపదార్థం: ఓలా = ఓయీ; బ్వేనస్ = మంచివైన; నోచెస్ = రాత్రులు; కోమొ = ఏ విధముగా; తె = నిన్ను నీవు; యామస్ = పిలుచుకొనుచున్నావు; క్వాంతొస్ = ఎన్ని; అన్యొస్ = సంవత్సరములు; తియెనెస్ = కలిగియున్నావు; మూచొ = మిక్కిలి; గుస్తొ = ఇష్టము.

తాత్పర్యం: ఓయీ, శుభరాత్రి. నీ పేరేమి? వయసెంత? నిన్ను కలిసినందుకు చాలా సంతోషం.

టీక: ‘ఓలా’ రాతలో మొదట హెచ్ ఉంది, పలుకులో లేదు. ‘ఆనెస్ట్’లో హెచ్ మింగే ఇంగ్లీషువాడు ఇక్కడ మాత్రం ‘హోలా’ అని ఒగరుస్తాడు.

‘బ్వేనస్ నోచెస్’. ఇంగ్లీషులో ‘గుడ్ నైట్’ అంటే సెలవు పుచ్చుకోవడం కదా, వస్తూనే వెళ్తానంటాడేమి అని పూర్వపక్షం. స్పానిష్‌లో రాకకూ పోకకూ అదే మాటని సమాధానం. బహువచనమెందుకంటే, ఒక్క రాత్రితో సరిపెట్టడం పిసినారితనమని మా ఊహ. నోచె స్త్రీలింగం కనుక ‘బ్వేనస్’. తెల్లవారితే ‘బ్వేనొస్ దియాస్’, ఏలయన ‘దియా’ ఆకారాంతమై కూడా పుంలింగం.

ప్రశ్నకు ముందున్న తలకిందుల గుర్తు అచ్చుతప్పు కాదు. రాయల్ స్పానిష్ అకాడమీ 1754లో విధించింది, మొదట పొడవాటి ప్రశ్నలకే. చదివేవాడు గొంతు ఎక్కడ ఎత్తాలో ముందే తెలియాలని.

ఇక ‘తె యామస్’. ముడి అంతా ఇక్కడే. ‘తె’ చనువును సూచిస్తుంది. నువ్వు, మీరు మనకు ఉగ్గుపాలతో వచ్చాయి. ఇంగ్లీషువాడికి రాణీగారైనా పెంపుడు పిల్లైనా ‘యూ’నే, ఒకప్పటి ‘దౌ’ను వాడుకలో పోగొట్టుకున్నాడు. పేరైనా తెలియని మనిషి తనకు చిన్నో పెద్దో తేల్చుకుంటే తప్ప ఆ పేరు అడగడానికి లేదంటే, పాపం, చెమటలు పడతాయి. పెద్దావిడ ఎదురైతే ‘¿కోమొ సె యామ ఉస్తేద్?’ అనాలి. ఉస్తేద్ అనేది ‘వ్వెస్త్రా మెర్సేద్’, అనగా ‘తమ దయ’, నోట నాని అరిగి మిగిలిన ముక్క. అందుచేత క్రియ ప్రథమపురుషలో నడుస్తుంది, ‘అయ్యవారి పేరేమిటో’ అని అయ్యవారినే అడిగినట్టు.

మతభేదాలు కలవు. స్పెయిన్‌లో అపరిచితులు సైతం ఇట్టే చనువు పిలుపైన ‘తూ’లోకి దిగిపోతారు. బొగొతాలో ప్రాణస్నేహితులు కూడా ఉస్తేద్ అనుకోవడం కద్దు. బ్వేనొస్ ఐరెస్‌లో ‘తూ’ బదులు ‘వోస్’. అక్కడ యామస్ కాస్తా ‘శమాస్’ అవుతుంది. శిష్యుడు ఎటూ పాలుపోక ‘ఓలా’ దగ్గరే ఆగిపోతే తప్పు పట్టరాదు.

‘క్వాంతొస్ అన్యొస్’. ఇంగ్లీషులో ఇరవయ్యేళ్లు ‘అయి’ ఉంటారు, స్పానిష్‌లో ‘కలిగి’ ఉంటారు. ‘అన్యొస్’లో ఎన్ మీద ఒక చిన్న అల ఉంటుంది. ఇంగ్లీషు కీబోర్డులో అది కనపడక శిష్యుడు ‘అనొస్’ అని కొట్టి పంపడం చేత ఒక పాఠాంతరం ప్రచారంలోకి వచ్చింది. అందులో ప్రశ్న వయసును గూర్చి కాదు, ఎదుటివారి ఆసనభాగంలోని రంధ్రాల సంఖ్యను గూర్చి. దీనిపై విస్తరించడం శిష్టసమ్మతం కాదు.

శేషం సుగమం.