దావాకి ఎన్ని జతలు?

యాకుత్‌పురాలో మీకో మల్గీ ఉందనుకోండి. కిరాయిదారు ఖాళీ చెయ్యడు. వకీలు దగ్గరికి పోతారు. "ఏమైంది?" అని ఆయన అడగడు. కళ్ళద్దాలు పైకి నెట్టి, "కిరాయి ఎంత సాబ్?" అంటాడు.

ఫీజు లెక్కేస్తున్నాడని జేబు తడుముకోకండి. ఆయన చూస్తున్నది దారి. నెలకి 3,500 దాటకపోతే 1960 నాటి అద్దె చట్టం, రెంట్ కంట్రోలర్. పైన ఒక్క రూపాయి ఉన్నా ఆ చట్టానికి మీరు పరాయివాళ్ళు, సివిల్ కోర్టుకు నడవండి. ఈ గీత 2005 సవరణ గీసింది. ఇరానీ చాయ్ ధర ఆగకుండా పైకి పోతూనే ఉంది, గీత మాత్రం గీసినచోటే కూర్చుంది. పాత రోజుల్లో పగిడీ ఇచ్చి, పాత కిరాయికే కదలకుండా కూర్చున్న మీ కిరాయిదారుడి లాగే.

సిటీ సివిల్ కోర్టుకి పురానీ హవేలీలో చోటు దొరకడం ఊరికే జరిగిందంటే నేను నమ్మను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా అక్కడే ఉంది. హాలు పొడవునా రెండంతస్తుల చెక్క బీరువా. ఒకసారి తొడిగిన జత మళ్ళీ తొడిగేవాడు కాదట. ఆ గాలి మన దావాలకి సోకింది.

రెంట్ కంట్రోలర్ ముందు మీ దావా తొడిగే జత పేరు పిటిషన్. అక్కడ ఓడినవాడు స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి దగ్గర అప్పీలు తొడుగుతాడు. (స్మాల్ కాజెస్ అంటే చిన్న తగాదాలు. మీరు తాతయ్యేదాకా నడిచినా అది చిన్నదే.) హైకోర్టులో రివిజన్, ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందు ఎస్‌ఎల్‌పీ (స్పెషల్ లీవ్ పిటిషన్). 3,501 వాళ్ళ బీరువా వేరు: సూటు, అప్పీలు, ఆపైన రెండో అప్పీలు. దానికి చట్టపరమైన గట్టి ప్రశ్న ఒకటి తేవాలి. మల్గీ మీది, కడుపుమంట మీది, ప్రశ్న మాత్రం చట్టానిదై ఉండాలి.

మూసీ ఒడ్డున హైకోర్టు 1920 నుంచి గుమ్మటాలు ఎత్తుకుని నిలబడి ఉంది. 2019 జనవరి 1న ఆంధ్ర హైకోర్టు సామాను సర్దుకుని వేరు కాపురానికి పోయింది. తెలంగాణ హైకోర్టుకి రాజేంద్రనగర్ వైపు బుద్వేల్‌లో 100 ఎకరాలిచ్చి, 2024లో శంకుస్థాపన చేశారు. అంటే ఖాళీ చేయించాల్సిన హైకోర్టే ఖాళీ చేసే పనిలో ఉంది. మీ కిరాయిదారు మాత్రం పొద్దున్నే షట్టరెత్తి గల్లాపెట్టె ముందు అగరుబత్తి వెలిగిస్తున్నాడు.

సరే, ఢిల్లీలో కూడా గెలిచారు. లడ్డూలు పంచకండి. కాగితం తిరిగి రెంట్ కంట్రోలర్ దగ్గరికే వస్తుంది, ఈసారి ఈపీ (అమలు పిటిషన్) అనే కొత్త జతలో. కోర్టు అమీనాని వెంటబెట్టుకుని మల్గీకి పోతారు. గల్లా దగ్గర ఎవరో కుర్రాడు.

"మీరెవరు?"

"ఆయన తమ్ముణ్ణి సాబ్. నన్ను కేసులో పార్టీ చెయ్యలేదుగా?"

అమీనా వకీలు వైపు చూస్తాడు. వకీలు సంచిలో చెయ్యి పెట్టి కొత్త వకాలత్‌నామా తీసి, స్కూటర్ సీటు మీద పరిచి, పెన్ను మీ చేతికిస్తాడు.

"ఇక్కడ ఒక్క సంతకం సాబ్."